సిస్టరు గారి చేపల వార్డు

ఆస్పత్రిలో రోగికి ఆక్సిజన్ పెట్టినప్పుడు గోడకి తగిలించిన చిన్న సీసాలో నీళ్ళు గుడగుడమంటాయి. ఆ చప్పుడు వింటే ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది. నాకు మాత్రం, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఒంట్లోకి హుషారు వస్తుంది. మొన్న రక్తం శాంపిళ్ళ కోసం వార్డులోకి వెళ్ళి, ఆ గుడగుడ చెవిన పడగానే ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కొత్తగా చేరిన నర్సమ్మాయి “ఏంటి మేడమ్, నవ్వుతున్నారు?” అని అడిగింది. ఏం చెప్పను? నా కళ్ళ ముందు ఎనిమిదడుగుల గాజు తొట్టె ఉంది. అందులో అరవై రెండు చిన్న చేపలు ఈ చివర నుంచి ఆ చివరకి పరుగులు పెడుతున్నాయి. తొట్టె పక్కన ఎస్తేరు సిస్టరు గారు చేతి గడియారం వంక చూస్తూ, పెదాలు కదుపుతూ, చేప ఊపిరి లెక్కపెడుతున్నారు.

రెండు వేల అయిదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. నేను చీడికాడ దగ్గర పల్లెటూరి నుంచి అనకాపల్లి వచ్చి, అక్కడి మిషన్ ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియనుగా చేరిన కొత్త. మా వాళ్ళు చెరుకు రైతులు. జువాలజీ చదివి, పైన ల్యాబు కోర్సు చేసి, చదువంతా నా తలలోనే ఉందనుకునే వయసు నాది. ఆ ఊళ్ళోనే గవరపాలెంలో ఎస్తేరు సిస్టరు గారి ఇంటి ముందు గది అద్దెకి తీసుకున్నాను. ఆవిడ ఆ ఆస్పత్రిలోనే పిల్లల వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యారన్న మాటే గానీ రోజూ పది గంటలకి ఇస్త్రీ చీర కట్టుకుని వార్డుకి వెళ్ళడం మానలేదు. ఇంటి వరండాలో మాత్రం పన్నెండు గాజు తొట్టెలు, వాటి నిండా రంగు చేపలు. ఏ చేపకైనా నలతగా ఉంటే దాన్ని మూలనున్న తొట్టెలోకి మార్చి, గాజు మీద కాగితం అంటించేవారు. ఎప్పుడు తింది, ఎంత తింది, నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలాడించింది, అన్నీ అందులో రాసేవారు. నాకు మొదట్లో నవ్వొచ్చేది. చేపకి కేస్ షీట్ ఏమిటని అడిగేశాను కూడా. “నోరున్న పేషెంటైతే నొప్పెక్కడో సెప్తాడు. నోరు లేనోళ్ళకి కాయితమే నోరు,” అన్నారు. వార్డులో ఆవిడ చూసుకున్న పసిపిల్లలకీ నోరు లేదు మరి.

సిస్టరు గారు పుట్టింది పూడిమడక దగ్గర సముద్రం ఒడ్డున. ఆవిడ మనసులో ఎన్నాళ్ళుగానో ఒక కోరిక ఉండేది. వార్డులో మంచాల మీద వారాల తరబడి పడుండే పిల్లల్లో చాలామంది కొండవారల నుంచి, చెరుకు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. సముద్రం గంట ప్రయాణంలో ఉన్నా చూసి ఎరగరు. వాళ్ళ ముందుకి సముద్రాన్ని తీసుకురావాలని ఆవిడ ఆశ. మంచినీళ్ళ తొట్టె కాదు, ఉప్పునీళ్ళ తొట్టె. పెద్ద చేప ఒకటి కాదు, చిన్న చేపలు బోలెడు. పెద్ద చేప ఒక మూల దాక్కుంటే చూసేదేమీ ఉండదట. చిన్నవి గుంపుగా ఉంటే పడుకున్న పిల్లకి ఎటు తల తిప్పినా ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆస్పత్రి పెద్ద డాక్టరు గారి దగ్గరకి నన్నూ తీసుకెళ్ళారు, జువాలజీ చదివిన పిల్లని చూపిస్తే ఆయన కాదనరని.

ఆయన కాదనలేదు గానీ ఒక షరతు పెట్టారు. “సిస్టర్, ఈ పిల్లలు ఇక్కడ ఇప్పటికే చూడకూడనివి చూస్తున్నారు. పొద్దున్న లేచేసరికి చచ్చిన చేపలు తేలుతూ కనిపిస్తే వాళ్ళేమైపోతారు? మొదటి చేప వేసిన రోజు నుంచి మూడు నెలలు చూస్తాను. అలాంటిది ఒక్కసారి జరిగినా తొట్టె బయటికి పోతుంది. తర్వాత నన్ను బతిమాలొద్దు.” సిస్టరు గారు సరేనన్నారు. బయటకి వచ్చాక నాకు కంగారుగా ఉంటే ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, “మూడు నెల్లంటే శానా టైమే రత్నం. పురిట్లో పిల్లే మూడు నెల్లకి మెడ నిలబెట్టేత్తాది,” అన్నారు. నా పేరు నూకరత్నం. ఆవిడకి ఎప్పుడూ రత్నాన్నే.

తొట్టె వార్డులో మధ్య గోడకి ఆనించి పెట్టారు. దాదాపు తొమ్మిది వందల లీటర్లు పడుతుంది. పూడిమడకలో ఆవిడ తమ్ముడు యాకోబుకి పడవ ఉంది. ఒడ్డుకి దూరంగా తేరిన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి, అనకాపల్లి మార్కెట్టుకి బెల్లం తెచ్చే వ్యాన్లో వేసి పంపేవాడు. డ్రమ్ములకి బెల్లం మరకలు, వ్యానులో చేపల వాసన. ఆ వ్యాను డ్రైవరు మమ్మల్ని తిట్టని రోజు లేదు. నీళ్ళు నిండగానే చేపలు వేసేద్దామని నా తొందర. ఆవిడ వెయ్యనివ్వలేదు. సముద్రపు రాళ్ళు పేర్చి, ఇసక పరిచి, రెండు చచ్చిన రొయ్యలు పడేసి, ఆరు వారాలు ఖాళీగా వదిలేశారు. ఎందుకంటే, “కంటికి కనపడని పురుగు పుట్టాలమ్మా ఆ రాళ్ళల్లో. ఇన్ని సేపలు ఉచ్చ పోత్తే మరి ఎవరు తింటారు?” అన్నారు. పుస్తకంలో పేజీన్నర ఉన్న పాఠం ఆవిడ నోట అంత పొట్టిగా వచ్చేది. ఆ ఆరు వారాలూ పిల్లలు ఖాళీ నీళ్ళనే చూస్తూ గడిపారు. చెరుకు బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగి, అది ఓ పట్టాన అతక్క, కాలికి బరువు కట్టించుకుని పడుకున్న ఎనిమిదేళ్ళ వరాలైతే, “ఇందులో సేపలు లేవు, మమ్మల్ని ఎర్రోళ్ళని సేత్తన్నారు,” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

చేపలు పట్టడానికి వెళ్ళిన ఆదివారాలు నా జీవితంలో మరిచిపోలేను. అమావాస్య దగ్గర పడితే సముద్రం బాగా వెనక్కి తీసి, రాళ్ళ మధ్య మడుగులు మిగిలిపోతాయి. సిస్టరు గారు ఉదయం ప్రార్థన ముగించుకుని, చీర ఎగ్గట్టి, మోకాలి లోతు మడుగులో దిగేవారు. వల వాడనిచ్చేవారు కాదు, పొలుసు రాలుతుందని. ఒక చేత్తో గాజు సీసా నీళ్ళలో పడుకోబెట్టి, రెండో చేత్తో తువ్వాలు ఆడిస్తూ చేపని దానంతట అదే సీసాలోకి వెళ్ళేలా చేసేవారు. పసుపు ఒంటి మీద నల్ల చారలున్నవి, ఏటికొప్పాక లక్కబొమ్మలా పైనుంచి కింద దాకా నున్నటి నీలం రంగువి, రాయి రంగులో ఉండి రాయికే అతుక్కునే వింత ముఖాలవి, బొటనవేలంత లేనివన్నీ. మొదటి చేప నా సీసాలోకి వచ్చినప్పుడు నేను అరిచిన అరుపుకి యాకోబు పడవ దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు, పాము కరిచిందేమోనని. సీసాలోకి తొంగిచూసి, “కూరకి రాని సేపల కోసం ఇంత గోలేటప్పా,” అని అక్క మీద విసుక్కున్నాడు. ఆ మాటన్నవాడే మధ్యాహ్నానికి నడుము లోతులో దిగి మాకంటే ఎక్కువ పట్టాడు.

పట్టినవాటిని ఇంటి దగ్గర వేరే ఉప్పునీళ్ళ తొట్టెలో రెండు వారాలు ఉంచేవాళ్ళం. జబ్బేమీ లేదని తేలాకే వార్డుకి ప్రయాణం. వారానికి ఎనిమిది పది కంటే ఎక్కువ వెయ్యనిచ్చేవారు కాదు. కొత్త నీళ్ళు చేపకి ఒక్కసారిగా తగిలితే తట్టుకోదు కాబట్టి, బకెట్లో ఉన్న చేపల మీదకి తొట్టె నీళ్ళు చుక్కచుక్కగా వదలాలి. దానికి సిస్టరు గారు ఏం చేశారంటే, గడువు దాటిన సెలైన్ గొట్టాలు తెచ్చి, ఒక కొస తొట్టెలో, ఒక కొస బకెట్లో పెట్టి, మధ్యలో ఉన్న చక్రం తిప్పి నిమిషానికి ఇన్ని చుక్కలని గడియారం చూసి సరిచేశారు. వార్డులో సగం మంది పిల్లల చేతులకి సెలైన్ ఉంది. సూది గుచ్చితే కేకలు పెట్టే పిల్లలు మంచాల మీద లేచి కూచుని, గుడ్లప్పగించి చూశారు. “సేపలకి కూడా ఎక్కిత్తన్నారేటి?” అని వరాలు అడిగితే, “అవును మరి. అవి ఏడవట్లేదు సూడు,” అన్నారు సిస్టరు గారు. చేపలు తొట్టెలోకి దిగి, ఒకదాని వెంట ఒకటి రాళ్ళ సందుల్లోంచి బయటికొచ్చి, గుంపు కట్టి తిరిగిన ఆ సాయంత్రం వార్డంతా ఒకటే కేరింతలు. ల్యాబు వదిలేసి మాటిమాటికీ వచ్చి చూసి వెళ్ళేదాన్ని. రెండు నెలలు తిరిగేసరికి చేపలు అరవై రెండు, రొయ్యలు తొమ్మిది, శంఖాల్లో కాపురం ఉండే పీతలు ఆరు. పేరుపేరునా నా లెక్కలో ఉండేవి.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఒక శనివారం సిస్టరు గారు ఎలమంచిలిలో బంధువుల పెళ్ళికి వెళుతూ, తొట్టెలో కొంత నీరు తీసి కొత్త నీరు పొయ్యమని నాకు అప్పగించారు. ఆరు డ్రమ్ములొచ్చాయి. అందులో ఒకటి అడుగున పగిలి కారిపోతోంది. అంత దూరం నుంచి వచ్చిన నీళ్ళు నేలపాలవుతుంటే చూడలేక, నా గదిలో ఉన్న రెండు పెద్ద రాగి బిందెలు తీశాను. నేను ఉద్యోగానికి వచ్చేటప్పుడు మా అమ్మ ఇచ్చినవి. మా ఇంట్లో రాగి బిందెలో నీళ్ళంటే మందుతో సమానం. ఎవరికి నలతగా ఉన్నా ముందు ఆ నీళ్ళే తాగిస్తారు. వార్డు చేపలకి పొయ్యబోయే నీళ్ళు కదా అని చింతపండు పెట్టి, ఉప్పు పెట్టి, తళతళలాడేలా తోమి మరీ పట్టాను. సోమవారం పొద్దున దాకా ఆ ఉప్పునీళ్ళు వాటిలోనే ఉన్నాయి. ఏడు గంటలకి డ్రమ్ముల నీళ్ళతో పాటు ఆ రెండు బిందెలూ తొట్టెలో వొంపి, పిల్లలందరూ చూస్తుండగా గర్వంగా ల్యాబుకి వెళ్ళాను. రొయ్యకి రాగి విషమని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. చేతిలో అమ్మ ఇచ్చిన బిందె ఉంటే ఆ పాఠం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

పదకొండు గంటలకి వార్డు ఆయా నరసమ్మ ల్యాబు గుమ్మంలోకి వచ్చింది. “రత్నమ్మా, ఓపాలి రా. నీ రొయ్యలు ఎలికిలా పడిపోనాయి,” అంది. వెళ్ళి చూస్తే తొమ్మిదిలో ఏడు అడుగున పడున్నాయి. పీతలు శంఖాలు వదిలేసి బయటికొచ్చేశాయి. చేపలన్నీ పైకి చేరి, నోళ్ళు తెరిచి, మొప్పలు ఎగరేస్తున్నాయి. అదే సమయానికి సిస్టరు గారు బస్సు దిగి, సంచి చేతిలో ఉండగానే తిన్నగా వార్డులోకి వచ్చారు. గాజు దగ్గరకి వెళ్ళి గడియారం చూస్తూ నాలుగు చేపల ఊపిరి లెక్కపెట్టారు. రోజూ ఉండే దానికి రెట్టింపుంది. కాగితం మీద టైము వేసి రాసి, మా వైపు తిరిగి, “శనివారం నుంచి ఇప్పటి దాకా ఇక్కడ ఏటి మారింది? సిన్నదైనా సరే, సెప్పండి,” అని అడిగారు.

నరసమ్మ, పొద్దున్న ఫినాయిలు కాస్త చిక్కగా పడిందని చెప్పింది. దాంతో అందరి చూపూ ఆమె మీద పడింది. నర్సులిద్దరు తలుపులూ కిటికీలూ తెరవడం మొదలుపెట్టారు. నరసమ్మ ఉద్యోగం పోతుందని, కడిగిన నేలనే మళ్ళీ నీళ్ళు పెట్టి తుడుస్తోంది. నాకు అప్పటికే తెలిసిపోయింది. తళతళలాడే ఆ బిందెలు కళ్ళ ముందు కనిపిస్తున్నాయి. నేను నోరు విప్పకపోతే నేరం ఫినాయిలు మీదకి పోతుంది. నేను విప్పితే, చేరి ఏడాది కాని నా ఉద్యోగం, జువాలజీ చదువుకున్న పిల్లనన్న నా పేరు, అన్నీ పోతాయి. ఎంతసేపు అలా ఉన్నానో, రెండు నిమిషాలే అయ్యుంటుంది. ఆ రెండు నిమిషాలకి నాకు ఇప్పటికీ సిగ్గే. ఒక నీలం చేప పక్కకి ఒరగడం చూశాక ఇంక ఆగలేకపోయాను. “ఫినాయిలు కాదు సిస్టరు గారూ. నేనే సేసేను. రాగి బిందెల్లో నీళ్ళు పట్టి పోసేసేను,” అన్నాను.

తిడతారనుకున్నాను. ఆవిడ అడిగినవి మూడే మాటలు. “ఎన్ని బిందెలు? ఎన్ని రోజులు నిలవున్నాయి? రాగి తగలని నీళ్ళు ఇంకెన్ని డ్రమ్ములున్నాయి?” రెండు బిందెలు, రెండు రాత్రులు, మూడు డ్రమ్ములు ఇంట్లో ఉన్నాయని చెప్పాను. “సరే, కారణం దొరికింది. ఇంక పని సూద్దాం. ఫినాయిలని తలుపులు తెరుత్తా కూకుంటే సాయంత్రానికి అన్నీ పోయేవి,” అన్నారు.

ఆ తర్వాత గంట నేను నడవలేదు, పరుగెత్తాను. ఆటోలో డ్రమ్ములు తెచ్చాం. ఆస్పత్రిలో ఉన్న ప్లాస్టిక్ బేసిన్లన్నీ కడిగి, వాటిలో ఆ నీళ్ళు పోసి, చేపల్ని గాజు సీసాలతో ఒక్కొక్కటిగా పట్టి, బేసిన్‌కి మూడో నాలుగో వేశాం. గాలి పంపుకి సెలైన్ గొట్టాలు కలిపి బేసిన్ బేసిన్‌కీ ఒక కొస అందించారు సిస్టరు గారు. బేసిన్లు ఎక్కడ పెట్టాలి? నేల మీద పెడితే కాళ్ళకి తగులుతాయి. ఆవిడ మంచానికి ఒకటి చొప్పున స్టూళ్ళ మీద పెట్టించారు. “ఇవి మీ పేషెంట్లు. ఊపిరి లెక్కెట్టాలి. తేడాగా ఉంటే నన్ను కేకెయ్యండి,” అని ప్రతి పిల్లకీ ఒక కాగితం ఇచ్చారు. రాయలేని పిల్లల తరఫున తల్లులు గీతలు పెట్టారు. అంతవరకూ అమ్మ పక్కలోంచి కదలని పిల్లలు మోచేతుల మీద లేచి, నోళ్ళు కదుపుతూ, చేపల మొప్పలు లెక్కపెడుతున్నారు. ఇరవై బేసిన్లు ఒక్కసారిగా గుడగుడలాడుతున్న వార్డు అది. భయంతో చచ్చిపోతున్నా సరే, ఒళ్ళు పులకరించింది.

నాలుగు గంటలకి పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చారు. చేపల్లేని తొట్టె, మంచానికో బేసిన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. సిస్టరు గారు నా భుజం మీద చెయ్యేసి, “ఇది నువ్వే సెప్పాలి. నేను పక్కనుంటాను,” అని మెల్లగా అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. రొయ్యలూ పీతలూ అన్నీ, ఆ అయిదారు గంటల్లో ఎనిమిది చేపలూ పోయాయని కూడా చెప్పాను. ఆయన అంతా విని, దగ్గరున్న మంచం వైపు నడిచారు. అది వరాలు మంచం. దాని బేసిన్లో మూడు చేపలు తిరుగుతున్నాయి, ఒకటి అడుగున పడుంది. “ఇదేమయిందమ్మా?” అని అడిగారు.

“సచ్చిపోనాది డాట్రుగారు,” అంది వరాలు, కాగితం మీద నుంచి తలెత్తకుండా. “మీరు మాటాడితే నా లెక్క పోతాది. ఇంకా మూడున్నాయి, అవి సూసుకోవాలి.”

ఆయన అక్కడే నిలబడి ఆ పిల్ల లెక్క పూర్తిచేసే దాకా ఆగారు. వరాలు చెప్పిన సంఖ్య కాగితం మీద ఆయనే రాశారు. తర్వాత రౌండ్స్ మామూలుగా పూర్తిచేసి, వెళ్ళేటప్పుడు సిస్టరు గారితో, “తొట్టె ఉండనివ్వండి. నేను పిల్లల గురించి తప్పు అంచనా వేశాను,” అన్నారు. అంత పెద్దాయన ఆ మాట నలుగురిలో అన్నారు.

ఇంటికొచ్చాక నేను భోరున ఏడ్చి, ఇంక జన్మలో ఆ తొట్టె ముట్టుకోనన్నాను. సిస్టరు గారు పెళ్ళి నుంచి తెచ్చిన లడ్డూ ఒకటి నా చేతిలో పెట్టారు. “రాగి సంగతి ఇయ్యాల నీకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. నువ్వు కాపోతే మరెవరు ముట్టుకోవాలి? రేపు ఏడింటికి వెళ్ళి, ఆ నీళ్ళన్నీ తీసెయ్యి. నేను పదింటికి వత్తాను,” అన్నారు. మర్నాడు నిజంగానే పది గంటలకి గాని రాలేదు. ఆ మూడు గంటలూ నన్నొక్కదాన్నే వదిలేశారు. నెల రోజులు ఇంటి దగ్గరి ఉప్పునీళ్ళ తొట్టెలో ఉంచాక, బతికిన యాభై నాలుగూ వార్డు తొట్టెలోకి తిరిగి వెళ్ళాయి. కాలి కట్టు విప్పించుకున్న వరాలు కర్ర పట్టుకుని, వాటి వెంటే ఈ చివర నుంచి ఆ చివరకి నడక నేర్చుకుంది.

సిస్టరు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక ల్యాబుకి నేనే పెద్దని. నా కింద పనిచేసే పిల్లలెవరైనా పొరపాటు చేస్తే మర్నాడు పొద్దున అదే పని వాళ్ళకే ఇస్తాను. దూరంగా ఉంటాను. నా వల్ల పొరపాటు జరిగినప్పుడే కష్టం. ఇన్నేళ్ళయినా నోరు కట్టేసినట్టు ఆ రెండు నిమిషాలు వస్తూనే ఉన్నాయి. కాకపోతే రెండు నిమిషాలు ఇప్పుడు అర నిమిషం అయ్యాయి. పోయిన నెలలో రెండు రక్తం శాంపిళ్ళ చీటీలు నేనే పొరపాటున తారుమారుగా అంటించాను. రిపోర్టుల మీద సంతకం కూడా పెట్టేశాను. ఎవరూ గమనించలేదు. లేచి డాక్టరు గారి గదికి వెళ్ళి, తలుపు తట్టి, నేనే చేశానని చెప్పాను. తర్వాత సూది, దూది తీసుకుని ఆ ఇద్దరి మంచాల దగ్గరకీ వెళ్ళి, క్షమించమని అడిగి, నా చేత్తోనే మళ్ళీ రక్తం తీశాను.